ముళ్ళపంది అడ్జస్టయింది

ఒక పెద్ద అడవిలో ఆఫీసులు ఎక్కువై చోటు తక్కువైంది. దాంతో సింహం కార్యదర్శి నక్క, ముళ్ళపంది కనకరత్నం బొరియను అతిథిగృహం కింద తీసేసుకుంది.

"పిల్లలతో ఎక్కడికి పొమ్మంటారండీ? వానలొచ్చేస్తున్నాయి" అంది కనకరత్నం.

"కాస్త అడ్జస్ట్ చేసుకోవాలమ్మా" అంది నక్క.

అడవి అంచున ఆగే ప్యాసింజరు రైల్లోంచి కోతులు పట్టుకొచ్చిన మాట అది. ఈమధ్య ఏ ఆఫీసులో ఏం అడిగినా అదే జవాబు. నీళ్ళు లేవంటే అడ్జస్ట్, దారి లేదంటే అడ్జస్ట్.

కనకరత్నం తిన్నగా దర్బారుకెళ్ళింది.

"మహారాజా, నన్ను చెయ్యమంటున్న పనేమిటో నాకు తెలియాలి కదా. ఆ మాటకు అర్థమేంటి?"

సింహానికీ తెలియదు. తెలియదని చెప్పే అలవాటూ లేదు. నక్క వైపు చూసింది.

"విచారణ సంఘం వేద్దాం ప్రభూ" అంది నక్క. సంఘం తేల్చేలోగా వానలు పడతాయి, ముళ్ళపంది ఎటో పోతుంది, బొరియ తనకు మిగులుతుంది. అదీ దాని ఎత్తు.

కానీ అధ్యక్షుడిగా వేసింది గుడ్లగూబను. దానికి వేరే పని లేదు. తొలి చినుకు పడకముందే అర్థం తేల్చుకుని దర్బారులో వచ్చి వాలింది.

"ఇది ఇంగ్లీషు క్రియ ప్రభూ. మూలం లాటిన్‌లో ఉంది. దగ్గరకు చేర్చడం అని అసలు అర్థం. ఫ్రెంచివాళ్ళ నోట్లో నలిగి ఇంగ్లీషుకొచ్చింది. మధ్యలో కొందరు ఇందులోని 'జస్ట్'ను చూసి న్యాయమనే మాట ఉందనుకుని పొరబడ్డారు."

"అయితే న్యాయం లేదా?"

"మొదట్నుంచీ లేదండి."

దర్బారంతా తేలిగ్గా ఊపిరి పీల్చుకుంది.

"ఇంకొక్క సంగతి" అంది గుడ్లగూబ. "రైల్లో ఈ మాట నిలబడ్డవాళ్ళు కూర్చున్నవాళ్ళతో అంటారు. మన దగ్గరే తిరగబడింది."

"ఆ వివరాలెందుకులే!" అంది నక్క గబుక్కున. "విన్నావుగా కనకరత్నం, ఎవరో ఒకరి దగ్గరకు చేరు."

"అదే మా ఆజ్ఞ" అంది సింహం.

బయట వాన అందుకుంది. బొరియ బయట తడుస్తున్న పిల్లలు కనకరత్నం కళ్ళలో మెదిలారు.

"చిత్తం" అంది.

వెళ్ళి పిల్లలిద్దర్నీ వెంటబెట్టుకొచ్చింది. సింహానికీ నక్కకూ మధ్య జానెడు సందు కనిపించింది. "కాస్త అడ్జస్ట్ అవ్వండి" అంటూ ఒళ్ళు విదిల్చి అందులో చతికిలబడింది.

నక్క కెవ్వుమంది. ముళ్ళు దిగి సింహం తన తొడ పట్టుకుంది.

"దూరం జరుగు తల్లీ!"

"దగ్గరకు చేరమని కదండీ ఆజ్ఞ? పెద్దాడా, నువ్వు రాజుగారి వీపు పక్కన పడుకో నాన్నా. చలి వెయ్యదు."

"ఆ అతిథిగృహం ఖాళీ చేయించవయ్యా!" సింహం గర్జన అడవంతా వినిపించింది.

తోకకు గుచ్చుకున్న ముల్లు తీసుకునే తీరిక కూడా లేక నక్క వానలో పరుగెత్తింది. వాన వెలిసేసరికి కనకరత్నం తన బొరియలో పిల్లల ఒళ్ళు తుడుస్తోంది.

నీతి: సర్దుకుపోయేవాళ్ళకు చోటు తప్పకుండా దొరుకుతుంది, ఒంటినిండా ముళ్ళుంటే.