పులుపు మోడల్

ఇకపై మా బాలికల హాస్టల్లో బాక్టీరియా పెరగడానికి వీల్లేదని స్పెషలాఫీసర్ నరహరిగారు ఉత్తర్వు జారీ చేశారు. మక్తల్ చుట్టుపక్కల బాక్టీరియాకు తాఖీదు ఇచ్చిన మొదటి అధికారి ఆయనే. అంతకు వారం ముందు ఇరవై ముగ్గురు పిల్లలు వాంతులు, విరేచనాలతో దవాఖానలో పడ్డారు. ఎనిమిదో తరగతి హిబా నాలుగు రోజులు సెలైన్ మీదే ఉంది.

వంటమనిషి నాగులమ్మ ఒక చిన్న మాట చెప్పింది.

"ట్యాంకుకు మూత లేదు సార్. పావురాలు పడి సస్తున్నయి. జర కడిగిస్తే సాలు."

చదువుకోని మనిషి, అంతకన్నా ఏం చెబుతుంది? సార్‌ది పెద్ద చదువు. ఆమ్లం పెరిగేకొద్దీ బాక్టీరియా ఎంత తగ్గుతుందో గణిత మోడల్ తయారు చేయమని నాకు పురమాయించారు. సైన్సు టీచర్ని కదా, గ్రాఫ్ గీశాను. గీత కిందికి దిగింది. ఇంకా దింపమన్నారు. మరీ దింపితే సున్నా దాటిపోతుందని మనవి చేశాను.

"పోనియ్యి. రాష్ట్రంల మనమే ఫస్టుంటం" అన్నారు.

ట్యాంకు సంగతి ఎక్కడ రాయాలని అడిగాను. మోడల్‌లో ట్యాంకు లేదు, లేనిదాన్ని కడిగితే ఆడిట్ ఊరుకోదు అన్నారు. ఆయన దూరదృష్టికి మురిసిపోయాను.

మర్నాటి నుంచి పప్పులో, ఉప్మాలో, చివరికి పాలల్లో కూడా చింతపండు రసమే. పాలు విరిగిపోయాయి. బాక్టీరియా మీద ఇది మా తొలి విజయమని ప్రెస్‌నోట్ రాశాను. పళ్ళు పులిసి పిల్లలు సగం అన్నం వదిలేస్తుంటే, తినడం తగ్గింది గనుక తిండితో వచ్చే రోగాలూ తగ్గినట్టేనని సార్ తేల్చారు. దసరా సెలవుల్లో ఒక్క కేసు కూడా లేదు. హాస్టల్లో పిల్లలే లేరనుకోండి, అయినా సున్నా సున్నాయే. మంత్రిగారు మహబూబ్‌నగర్ పిలిపించి సార్‌కు శాలువా కప్పారు.

సెలవులయ్యాక హిబాను తీసుకుని వాళ్ళ నాయిన నూరుద్దీన్ వచ్చాడు. చేతిలో నీళ్ళ క్యాను ఉంది.

"కాచి సల్లార్చి తెచ్చిన సార్. బిడ్డ ఇప్పుడిప్పుడే లేచి తిరుగుతాంది. గీ నీళ్ళే తాగనియ్యుండ్రి."

సార్ పీహెచ్ కాగితం ముంచారు. రంగు ఎర్రబడలేదు. ఆయన ముఖం గంభీరమైంది.

"పులుపే లేదు. బాక్టీరియా పెరిగేది గిసుంటి నీళ్ళల్లనే."

క్యాను మొత్తం గేటు దగ్గరే పారబోయించారు. తర్వాత ట్యాంకు నీళ్ళలో చింతపండు పిసికించి, కాగితం ముంచి, ఎర్రబడ్డాక గ్లాసు హిబా చేతికిచ్చారు. నాగులమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. నాకు సిగ్గేసింది. అయినా రిజిస్టరు నా చేతిలోనే ఉంది గనుక 'సురక్షితం' అని రాశాను.

హిబా, నాయిన వైపు ఒకసారి చూసి, కళ్ళు మూసుకుని తాగింది. పులుపుకు మూసుకుందనుకుని సార్ నవ్వారు.