కుంచె కడగనక్కరలేని చదువు

బొమ్మలు వేసేవాళ్ళ చేత ఆ అలవాటు మాన్పించాలనుకుంటున్నారా? తిట్టనక్కరలేదు, కుంచెలు విరిచెయ్యనక్కరలేదు. చిత్రకళా బోధనలో ఎంఏ చేయించండి చాలు. రెండేళ్ళలో గుణం కనిపిస్తుంది!

మాతోనే ఉంటున్న మా చెల్లెలే సాక్ష్యం. పదకొండేళ్ళుగా బడిలో డ్రాయింగ్ టీచరు. పిల్లలు ఏనుగంటే ఏనుగు, రైలంటే రైలు, మాటల మధ్యలోనే బోర్డు మీద దింపేసేది. ఆ పోస్టు పర్మనెంటు కావాలంటే ఈ డిగ్రీ ఉండి తీరాలని హెడ్‌మాస్టరుగారు చెప్పారు. నిజమే కదా, పదకొండేళ్ళ చేతిని ఎవరు నమ్ముతారు? కాగితాన్నయితే నమ్మొచ్చు. దాని మీద సీలుంటుంది!

ఆవిడ చేరిన మర్నాటి నుంచే నాకు మంచి రోజులొచ్చాయి. అంతకుముందు నా సింకులో రోజుకో రంగు. టీ గ్లాసులో కుంచెలు, కుంచెల డబ్బాలో నా స్పూన్లు. ఇప్పుడో? టేబుల్ నిండా టైపు చేసిన తెల్లకాగితాలే. ఎంత శుభ్రమైన కళ!

మొదటి సెమిస్టరులో బొమ్మంటే ఏమిటో చదివింది. రెండో సెమిస్టరులో, మొదటి దాంట్లో చదివింది తప్పని చదివింది. మూడో దాంట్లో, పిల్లలు సూర్యుణ్ణి కాగితం మూలకే ఎందుకు తోస్తారన్న దాని మీద తొంభై పేజీల ప్రాజెక్టు. అదే సంగతి నేను మా అమ్మాయినడిగితే, మధ్యలో ఇల్లుంది కదా అంది. చూశారా, చదువు లేకపోతే ఎంత పొట్టి జవాబులొస్తాయో!

ఇక ప్రాక్టికల్ పరీక్ష. నలభై నిమిషాల పాఠం, 'లక్ష్యం' అన్న గడితో మొదలయ్యే నాలుగు గళ్ళ లెసన్ ప్లాన్, వెనక బెంచీలో ఎగ్జామినరు. టీచరు బోర్డు మీద బొమ్మ వేస్తే పిల్లల సృజన నలిగిపోతుందట. అందుకని వేయకూడదు. ఇంతలో ఒక పిల్ల లేచి, పిల్లికి వెనకకాళ్ళు ఎలా వేయాలో చూపించమంది. మా చెల్లెలు సుద్దముక్క అందుకోబోయి, ఎగ్జామినరు పెన్ను ఎత్తడం చూసి ఆగిపోయింది.

"పిల్లి కాళ్ళ గురించి నీకేమనిపిస్తోంది?" అని అడిగింది.

ఆ పిల్ల కాసేపు ఆలోచించి, పిల్లిని గుబురు గడ్డిలో కూర్చోబెట్టి కాళ్ళ గొడవ వదిలించుకుంది. మా చెల్లెలికి నూటికి తొంభై ఆరు!

పోస్టు పర్మనెంటయింది. మొన్న ఆదివారం మా అమ్మాయి సైన్స్ రికార్డు పట్టుకొచ్చి, ఒక్క కప్ప బొమ్మ వేసిపెట్టమని పిన్నిని అడిగింది. ఒకప్పుడు ఆవిడ టీ మరిగేలోగా పది కప్పలు వేసేది. పెన్సిల్ చెక్కింది. కాగితం సర్దుకుంది. ఒక గీత గీసి చెరిపింది. ఇంకో గీత గీసి, దాని పక్కన మరి రెండు గీసి, పైన 'లక్ష్యం' అని రాసింది.

మా అమ్మాయి మర్యాదగా రికార్డు వెనక్కి లాక్కుంది. "పర్లేదులే పిన్నీ, నేనే వేసుకుంటా."

పిల్లలు సొంతంగా వేసుకోవాలన్నదే కదా ఆ చదువు ఆశయం? నెరవేరింది!

చెల్లెలు మాత్రం కుడిచేతిని ఒళ్ళో పెట్టుకుని, అదెవరిదో అన్నట్టు చూసుకుంటూ కూర్చుంది. "నా చేతికేమైందక్కా?" అంది.

వంటింటి మనిషిని, నాకేం తెలుస్తుంది? మర్నాడు ఆవిడ చదివిన కాలేజీకే ఫోన్ చేసి కనుక్కున్నాను. చాలా మంచి ప్రశ్న అన్నారు. పీహెచ్‌డీకి సరిపోతుందట.