హోయాకి కొబ్బరి వైద్యం

పొద్దున్నే కాఫీ తాగి, తోటలో కొబ్బరి దింపించి, మధ్యాహ్నం హాయిగా ఓ కునుకు తీద్దామనుకున్నాడు రాజోలు బంగారరాజు. భార్య వెంకటదుర్గ అంతర్వేదిలో అక్కగారింటికి వెళుతోంది, సాయంత్రానికి వచ్చేస్తుంది. హాలు కిటికీ దగ్గర కుండీలో ఆవిడ పెంచుకుంటున్న హోయా తీగ దారాలు పట్టుకుని గోడలన్నీ పాకింది గానీ, ఏళ్ళ తరబడి ఒక్క పువ్వూ పూయలేదు. ఇన్నాళ్ళకి గుత్తులుగా మొగ్గ తొడిగింది.

"రేపో మాపో విచ్చుకుంటాయండీ. కాస్త చూస్తూ ఉండండి," అంది ఆవిడ బస్సెక్కుతూ, చిన్నపిల్లలా మురిసిపోతూ.

చూస్తూ ఊరుకునే మనిషా ఆయన! ఆవిడ గుమ్మంలో అడుగు పెట్టేసరికి పువ్వులు విచ్చి ఉండాలి. ఆయనకి తెలిసిన వైద్యం ఒక్కటే: కొబ్బరి బాగా కాయాలంటే చెట్టు మొదట్లో ఉప్పు వేస్తారు. కుండీలో దోసెడు కళ్ళుప్పు పోసేశాడు.

అప్పుడే పక్కింటి పాపారావు వచ్చాడు.

"అయ్యబాబోయ్, ఉప్పేసేరా? మొక్క మాడిపోద్దండి బావగారూ!"

"మరిప్పుడెలాగండీ?"

"నీళ్ళు పోసి కడిగెయ్యండి!"

బిందెడు నీళ్ళు పోశాడు. హాలు చెరువైంది. తడి ఆరడానికి ఫ్యాను జోరుగా తిప్పాడు. ఆ గాలికి మొగ్గలు టపటపా రాలి నీళ్ళలో తేలాయి. బంగారరాజు వాటిని దోసిట్లోకి ఏరుకున్నాడు.

"దుర్గకేం చెప్పనండీ?"

"ముందా మోడు కాడలు తీసెయ్యండి, చూడ్డానికి బాలేదు. గెల దింపేక కాడ ఎవరుంచుతారు?"

"ఆయ్," అని కత్తెరకి అందిన కాడలన్నీ కోసేశాడు.

సాయంత్రం వెంకటదుర్గ ముఖం చూసేసరికి ఆయనకి దుఃఖం ఆగలేదు. జరిగిందంతా చెప్పేశాడు. "నీకు పువ్వులు చూపించాలన్న ఆత్రంలో చేసేను దుర్గా."

ఆవిడ కళ్ళు తుడుచుకుంది. "పోన్లెండి. ఇది పాత కాడకే మళ్ళీ పూస్తుంది. కాడలున్నాయిగా?"

ఆయన తల దించుకున్నాడు.

"కోసేసేరా?"

"ఆయ్."

ఆవిడ కుర్చీలో కూలబడింది. కాసేపటికి ముక్కు ఎగబీల్చి, "ఏదో తియ్యటి వాసనండీ," అంటూ లేచి, బీరువా వెనక్కి ఫోను లైటు వేసింది. అక్కడికి పాకిన ఒక్క కొమ్మకి, మైనంతో చేసినట్టున్న చిన్నచిన్న నక్షత్రాల గుత్తి నిండుగా విచ్చుకుని ఉంది. ఆవిడ ఆనందం పట్టలేక మొగుడి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"సరిగ్గా కనబడ్డం లేదు దుర్గా. బీరువా కాస్త జరపనా?" అన్నాడు బంగారరాజు.

వెంకటదుర్గ ఆ చెయ్యి ఇక వదల్లేదు.