కాలు జారింది టెన్నెసీలో, తుంటి విరిగింది వర్జీనియాలో

మా ఆయన గార్లండ్ మీద నాకున్న ఫిర్యాదు ఒక్కటే. ఆయన ఎన్నడూ తప్పు చేయరు. పెళ్ళయి ఇరవై రెండేళ్ళయింది. ఈ ఇరవై రెండేళ్ళలో మా ఇంట్లో జరిగిన తప్పుల్లో కొన్ని నావి, కొన్ని వానవి, మిగిలినవి ఇదివరకటంత గట్టిగా సరుకు తయారుచేయని కంపెనీలవి. మూడేళ్ళ క్రితం అక్టోబరు ఒకటో తారీకున మా అమ్మమ్మ నాకిచ్చిన పోత ఇనుప పెనం, నాలుగు తరాలు మొక్కజొన్న రొట్టె కాల్చుకు తిన్న పెనం, పొయ్యి మీద అంచునుంచి అంచుకు బీటవారి కనిపించింది. ఆయన దాన్ని తిరగేసి బోర్లించి చూసి, "ఇనుము కదా, దానికి మాత్రం వయసు రాదా?" అన్నారు. ఇంతటి వేదాంతం విన్నాక ఆడది ఏం మాట్లాడుతుంది? పెనాన్ని అటక మీద పెట్టాను.

ఇటువంటి మహానుభావుడికి న్యాయశాస్త్రం మీదికి మనసు పోవడం సహజం. ఆయన వృత్తి టైర్ల దుకాణం. న్యాయశాస్త్రం చదివింది రోడ్డు పక్క బోర్డుల మీద. మా ఊరినుంచి పెద్ద బజారుకు వెళ్ళే దారిలో పదకొండు బోర్డులున్నాయి. ప్రతి బోర్డు మీదా ఒక లాయరు చేతులు కట్టుకుని, "పడ్డారా? వెంటనే ఫోన్ చేయండి" అంటుంటాడు. పడనివాళ్ళు ఆ దారిన వెళుతూ ఏదో లోటుగా భావిస్తారు.

"టెన్నెసీలో ఒంటికి దెబ్బ తగిలితే ఏడాదిలోగా దావా వెయ్యాలి. వర్జీనియాలో రెండేళ్ళు. నార్త్ కరోలినాలో మూడు. ఉత్తరాన మంచులో ఉన్న మెయిన్‌లో ఆరు" అని మా ఆయన భోజనాల దగ్గర వల్లిస్తారు.

"మెయిన్ వాళ్ళకి ఆరెందుకండీ?"

"ఆ చలికి నొప్పి తెలియడానికే రెండేళ్ళు పడుతుంది."

వస్తువులకు లెక్క వేరు. పాడైన వస్తువుకు టెన్నెసీలో మూడేళ్ళు, వర్జీనియాలో ఐదేళ్ళు. అంటే మా రాష్ట్రంలో విరిగిన తుంటికన్నా విరిగిన కంచెకర్ర మూడు రెట్లు ఎక్కువకాలం న్యాయానికి నోచుకుంటుంది. పెద్దలు ఆలోచించకుండా రాయరు. గడువు దాటితే మాత్రం ఎంతటి దెబ్బకైనా కాలదోషం పడుతుంది. నొప్పి అలాగే ఉంటుందనుకోండి, చట్టానికి కనబడదు.

ఈ విద్య మరే ఊళ్ళోనైనా వృథా అయ్యేదేమోగాని మా ట్విన్‌ఫోర్డ్‌లో కాలేదు. మా పెద్దవీధి నడిమధ్యన వరసగా ఇత్తడి బిళ్ళలు పొదిగి ఉంటాయి. వాటికి ఇటు టెన్నెసీ, అటు వర్జీనియా. మేము ఇటు. మా అత్తగారు ఓర్ఫా అటు. చక్కెర నిండుకుంటే నేను రాష్ట్రం దాటి తెచ్చుకుంటాను. ఇద్దరు మేయర్లు, రెండు పోలీసు ఠాణాలు, రెండు రకాల పన్నులు. రెండు ఊళ్ళకూ ఉమ్మడిగా ఉన్నవి రెండే. ఒకటి చాడీలు, రెండోది అక్టోబరు మొదటి ఆదివారం నాటి కూడిక భోజనం. ఆరోజు ఇత్తడి బిళ్ళల పొడవునా బల్లలు వేస్తారు. టెన్నెసీ వాళ్ళు ఇటు, వర్జీనియా వాళ్ళు అటు కూర్చుని ఒకే గిన్నెలోంచి వడ్డించుకుంటారు.

కిందటేడు ఆ ఆదివారం అక్టోబరు ఒకటిన వచ్చింది. మా పక్కింటి లర్లీన్ తన అరటిపండు పుడ్డింగు గిన్నె పట్టుకుని వడ్డిస్తూ పోతోంది. ఊళ్ళో ఆ పుడ్డింగు మరెవరూ చేయరు. చేస్తే ఆవిడ చూసే చూపు అందరికీ తెలుసు. గరిటెలోంచి ఒక ముద్ద జారి, రెండు బల్లల మధ్య సందులో, ఇత్తడి బిళ్ళకు జానెడు ఇవతల, టెన్నెసీ గడ్డ మీద పడింది. కోడి వేపుడు కోసం ఇటుపక్కకు వచ్చిన మా అత్తగారు దాని మీద కుడికాలు వేశారు. కాలు టెన్నెసీలో జారింది. మనిషి గాలిలో సరిహద్దు దాటింది. తుంటి వర్జీనియాలో విరిగింది.

లర్లీన్ గిన్నె పడేసి పరుగెత్తుకొచ్చింది. "అయ్యో ఓర్ఫా! నా..." అంది. అంతే. ఆవిడ అక్క కొడుకు, బీమా ఏజెంటు కర్టిస్ మెరుపులా వచ్చి ఆవిడ నోరు మూసేశాడు.

"పిన్నీ! ఒక్క ముక్క కూడా అనకు! అన్నావా, ఇల్లు కోర్టులో ఉంటుంది!"

మా అత్తగారు నేలమీద పడి ఉండి కూడా ఇదంతా విన్నారు. ఆసుపత్రిలో మత్తు దిగగానే ఆవిడ అడిగిన మొదటి మాట, "తర్వాత ఏమందే?"

"ఎవరు అత్తయ్యా?"

"లర్లీన్. 'నా' అంది కదా. ఆ తర్వాత?"

తర్వాత ఏమీ అనలేదు. పరామర్శకు రాలేదు. మా ఊళ్ళో ఎవరికైనా జబ్బు చేస్తే అంబులెన్సుకన్నా ముందు వంటకాలు చేరతాయి. అత్తగారి గుమ్మంలో పదిహేడు గిన్నెలు చేరాయి, లర్లీన్ గిన్నె తప్ప. వంటకం పంపితే నేరం ఒప్పుకున్నట్టేనని కర్టిస్ తేల్చాడు. రెండు వారాల తర్వాత పువ్వుల బొమ్మ ఉన్న కార్డు ఒకటి వచ్చింది. కర్టిస్ దిద్దిన కార్డు. "మీకు ఒక సంఘటన జరిగినట్లు ఆరోపణ మా దృష్టికి వచ్చినది. మీ తుంటిగా పేర్కొనబడుచున్న భాగము త్వరలో కోలుకొనగలదు" అని ఉంది. అత్తగారు దాన్ని రెండుసార్లు చదివించుకుని, వాకరు కాలి కింద ఎత్తుకు పెట్టించుకున్నారు.

వాళ్ళిద్దరి సంగతి చెప్పకపోతే మీకు ఇదంతా ఎముకల గొడవగా కనిపిస్తుంది. ఒకరికి ఎనభై ఒకటి, ఒకరికి ఎనభై. నలభై నాలుగేళ్ళుగా ప్రతి గురువారం మధ్యాహ్నం ఇద్దరూ జట్టుగా కూర్చుని రూక్ ఆడారు. రాజూ రాణీ బొమ్మలు లేని పేక అది. అందుకని చర్చివాళ్ళకు పాపం అంటదు. భర్తలిద్దరినీ ఆ ఆట మధ్యలోనే సాగనంపారు. ఇప్పుడు మా అత్తగారు గురువారం మధ్యాహ్నం కిటికీ దగ్గర కూర్చుని రెండు చేతులూ తనే పంచుకుని ఆడుతున్నారు. వీధికి ఇవతల లర్లీన్ తన కిటికీ దగ్గర కూర్చుని చూస్తోంది. మధ్యన ముప్ఫై అడుగుల తారు, రెండు రాష్ట్రాల శాసనాలు.

"దావా వెయ్యనని కాగితం మీద సంతకం పెట్టేస్తే పోతుంది కదా అత్తయ్యా?" అన్నాను.

"పెడతానే. అది ముందు ఆ మాట పూర్తిచెయ్యమను."

కర్టిస్‌ను అడిగాను. "ఆవిడ ముందు సంతకం పెట్టాలక్కా. తర్వాత పిన్ని ఏమన్నా అనొచ్చు" అన్నాడు. ఆ కాగితం మడిచి ఎప్పుడూ చొక్కా జేబులోనే పెట్టుకు తిరిగేవాడు. మా ఆయన దగ్గరికి వచ్చేసరికి, "అమ్మ సంతకం పెట్టడానికి వీల్లేదు. హక్కు అనేది పులిసే పిండి లాంటిది, తొందరపడి మూత తియ్యకూడదు" అన్నారు. టైర్ల దుకాణంలో పిండి ఎక్కడిదో నాకు తెలియదు.

సమస్య ఊరికి పాకింది. టెన్నెసీ లెక్కయితే ఏడాది, వర్జీనియా లెక్కయితే రెండేళ్ళు. ఏ లెక్కో తేలాలంటే మనిషి ఎక్కడ పడ్డట్టో తేలాలి. ఇద్దరు మేయర్లూ కలిసి సంయుక్త పతనస్థల నిర్ధారణ సంఘాన్ని నియమించారు. అధ్యక్షుడు ఎల్‌వుడ్ గారు, రిటైరైన భూమి సర్వేయరు. ఆయన టేపు, దారం, సుద్దముక్క తెచ్చి మూడు వారాలు వీధిలో మోకాళ్ళ మీద తిరిగారు. చివరి రోజున కుర్చీ ఎక్కి నివేదిక చదివారు.

"మహాజనులారా! పాదము టెన్నెసీయందును, ఆసనభాగము రెండువంతులు వర్జీనియాయందును, ఒకవంతు ఇత్తడి బిళ్ళమీదను నెలకొన్నట్లు సంఘము ఏకగ్రీవముగా కనుగొన్నది. బిళ్ళ ఎవరిదన్న విషయమై అభిప్రాయభేదము కలదు. ఇకపై పడదలచిన పౌరులు దయయుంచి పూర్తిగా ఒకే రాష్ట్రమునందు పడవలసినదిగా సంఘము సవినయముగా కోరుచున్నది."

చప్పట్లు మోగాయి. వాకరు పట్టుకు నిలబడ్డ మా అత్తగారు, "ఎనభై ఏళ్ళలో నా వెనకభాగం మీద ఇంత శ్రద్ధ ఎవరూ పెట్టలేదమ్మా" అన్నారు.

నివేదిక ప్రభావం ఊరి మీద చక్కగా పడింది. బజారులో ఎవరి కాలైనా తొక్కితే ఇదివరకు "అయ్యో, చూడలేదండీ" అనేవాళ్ళు. ఇప్పుడు "మీ కాలు అక్కడ ఉన్నది" అని, ఆగి, సాక్షులెవరున్నారో చూసుకుని వెళ్ళిపోతున్నారు. పాస్టరు గారు సైతం పాపాలు ఒప్పుకోవడం గురించి ప్రసంగించి, చివర్లో ఎవరి పాపాలు వారు తమ లాయరును సంప్రదించాకనే ఒప్పుకోవాలని సలహా ఇచ్చారు. ఊరంతా ఇంత జాగ్రత్తగా, ఇంత నిర్దోషిగా ఎన్నడూ లేదు.

అలా ఏడాది గడిచింది. ఈ ఏటి కూడిక భోజనం అక్టోబరు ఆరున వచ్చింది. టెన్నెసీ గడువు ఐదు రోజుల క్రితమే తీరిపోయింది. లర్లీన్ కొత్త గౌను వేసుకుని, గిన్నె నిండా పుడ్డింగుతో బయల్దేరింది. ఇత్తడి బిళ్ళ దగ్గర కర్టిస్ చెయ్యడ్డం పెట్టాడు.

"ఇంకో ఏడాది ఓపిక పట్టు పిన్నీ. తుంటి వర్జీనియాదని నివేదికలో ఉంది."

"నాకెన్నేళ్ళురా?"

"ఎనభై ఒకటి నడుస్తోంది."

"దానికి?"

"ఎనభై రెండు."

"ఇంకో ఏడాది మేమిద్దరం ఉంటామని ఏ రాష్ట్రం రాసిచ్చిందో ఆ కాగితం చూపించు. చూపిస్తే ఆగుతాను."

కర్టిస్ జేబులో చాలా కాగితాలున్నాయిగాని అది లేదు. లర్లీన్ వాడి చేతికి పుడ్డింగు గిన్నె అంటగట్టి, బిళ్ళ దాటి, బల్లకు అటుపక్క కూర్చున్న మా అత్తగారి ఎదుట నిలబడింది. మా ఆయన చప్పున ఫోను తీసి రికార్డింగు నొక్కారు. రెండు రాష్ట్రాల జనం ఫోర్కులు దించారు.

"ఓర్ఫా. నా తప్పేనే."

"చెవిలో మిషను పెట్టుకోలేదు. గట్టిగా చెప్పు."

"నా తప్పేనంటున్నా! ముద్ద నా గరిటెలోంచే పడింది. పడ్డం చూశాను. వంగితే మోకాళ్ళు నొప్పని, ఎవరో ఒకరు తీస్తార్లెమ్మని వదిలేశాను. చాలా?"

కర్టిస్ కళ్ళు మూసుకున్నాడు. మా ఆయన ముఖం పౌర్ణమి చంద్రుడిలా ఉంది. "అమ్మా! ఒప్పేసుకుంది! సాక్షులు రెండు వందల మంది!"

"నువ్వు నోరు ముయ్యరా" అన్నారు అత్తగారు. "కర్టిస్, ఆ కాగితం ఇలా ఇవ్వు."

కోడి వేపుడు పళ్ళెం పక్కకు నెట్టి, జిడ్డు చేత్తోనే సంతకం పెట్టేశారు. పెట్టాక లర్లీన్ వైపు చూసి గొంతు తగ్గించారు.

"నేనూ చూశానే అది పడ్డం. నిన్ను పిలిచి తీయిద్దామని దాని పక్కనే కాపలా నిలబడ్డాను. అంతలో వేపుడు వచ్చింది. మర్చిపోయి తొక్కాను."

"చూశావా! చూసి కూడా ఏడాదిగా నన్ను..."

"గురువారం రా. పేక కొత్తది కొన్నాను."

ఒక్క మాట. తుంటికి ఏడాదో రెండేళ్ళో అని ప్రతి రాష్ట్రమూ రాసిపెట్టింది. తప్పయిందని చెప్పుకోవడానికి గడువు ఎంతో ఏ రాష్ట్రమూ రాయలేదు. రాయలేదు కనుక బోలెడు సమయం ఉందని అందరం అనుకుంటాం.

ఆ సాయంత్రం నేను గిన్నెలు కడుగుతుంటే మా ఆయన పక్కన నిలబడి తుడిచారు. ఇదే మొదటిసారి. కాసేపటికి గొంతు సవరించుకున్నారు.

"ఇదిగో, ఒక మాట. మీ అమ్మమ్మగారి పెనం దానంతటది బీటవారలేదు. నల్ల అక్రోట్లు పగలగొడదామని దాంతో కొట్టాను. తప్పు నాదే."

ఇరవై రెండేళ్ళలో మొదటిసారి! ముసలివాళ్ళిద్దరి మంచితనం మా ఇంటికీ పాకిందనుకుని నాకు కళ్ళు చెమర్చాయి. కొంగుతో, అంటే పొయ్యి దగ్గర కట్టుకునే గుడ్డతో, తుడుచుకుంటూ తలెత్తాను. ఎదురుగా ఫ్రిజ్ మీద క్యాలెండరు. అక్టోబరు ఒకటి చుట్టూ పెన్సిలుతో సున్నా, దాని పక్కన ఆయన చేతిరాతతో చిన్నగా "పెనం: 3" అని ఉంది. టెన్నెసీలో వస్తువుకు మూడేళ్ళు. ఐదు రోజుల క్రితమే తీరిపోయాయి.

ఇంకో పళ్ళెం కడిగి అందించాను.

"ఎక్కడ పగలగొట్టారండీ అక్రోట్లు?"

"అమ్మ వాళ్ళ పెరటి మెట్ల మీద. సిమెంటు గట్టిగా ఉంటుందని."

"వర్జీనియాలోనా?"

ఆయన చేతిలో గుడ్డ ఆగిపోయింది. పెదవులు కదిలాయి. లెక్క ఐదు దగ్గర తేలినట్టుంది.

మీరు నవ్వుతున్నారు. నవ్వండి. మీ ఇంటి క్యాలెండరులో పెన్సిలు సున్నాలు ఎవరి చేతిరాతో ఒకసారి చూసుకుని మరీ నవ్వండి.

మా ఆయన కుర్చీలో కూలబడి, "తప్పు చేశాను" అన్నారు. ఈసారి నిజంగా మనస్ఫూర్తిగా అన్నారు. పెనం పగలగొట్టడమా, రాష్ట్రం చూసుకోకపోవడమా అని నేను అడగలేదు.