నెమలి వాకిట్లో మత్తు పరీక్ష

అడవి పెద్దదే గానీ, అందులో సర్కారు బడి ఒక్కటే. ఎలుగు చుక్కమ్మ ఆ బడిలో లెక్కల టీచరు. కొత్త ఉద్యోగం, ఇంకా పర్మనెంటు కాలేదు.

ఓ పొద్దున బడి కమిటీ చైర్మన్ నెమలి పురి విప్పి మరీ ప్రకటించాడు. "మన స్టాఫులో మత్తు తీసుకునేవాళ్లు ఉండొచ్చు. రేపు అందరికీ మూత్ర పరీక్ష. దొరికితే ఉద్యోగం ఊడినట్టే!"

చుక్కమ్మ తింటున్న టిఫిను గబుక్కున వెనక్కి దాచేసింది. మనకి ఇడ్లీ ఎలాగో ఎలుగులకి మత్తెక్కించే ఇప్పపువ్వు అలాగ. రోజూ అదే టిఫిను.

హెడ్మాస్టరు తాబేలు మెడ బయటికి పెట్టాడు. "చైర్మన్ గారూ, చట్టం ఒప్పుకోదండీ. పిల్లల్ని వీపుమీద వాగు దాటించే ఏనుగుకైతే, ప్రాణాలతో పని కాబట్టి ఎప్పుడైనా చెయ్యొచ్చు. మిగతావాళ్లకి, ఫలానా అనుమానం ఉందంటేనే."

"ముందు పరీక్ష చేద్దాం. అనుమానం అదే వస్తుంది!"

తాబేలు మెడ లోపలికెళ్లిపోయింది. చుక్కమ్మ డిప్ప మీద తట్టింది. "సార్, ఏదోటి చెప్పండి సార్!"

"లీవులో ఉన్నానమ్మా," అంది లోపల్నించి గొంతు.

మర్నాడు నెమలి ఇంకో రూలు పెట్టాడు. "డబ్బాల్లో పడితే మార్చేస్తారు. మా ఇంటి వాకిట్లోనే, నా కళ్లముందే కానివ్వండి!"

అందరూ వరసగా కానిచ్చారు. ఏనుగు వంతు అయ్యేసరికి వాకిలి చెరువైంది. వాసన పట్టడానికి నెమలి పిలిపించిన అడవిపంది అక్కడంతా మూతి పెట్టి చూసి, "ఇప్పపువ్వు! ఎలుగమ్మదే!" అని అరిచింది. చుక్కమ్మ ఉద్యోగం పోయింది.

ఏడుస్తూ జడ్జి పులి దగ్గరికి పరిగెత్తింది. జడ్జి నెమలిని పిలిపించాడు.

"ఈవిడ మీద నీకున్న అనుమానమేంటి?"

"తూలుతూ నడుస్తుందండీ."

"ఎలుగులన్నీ అంతేగా!"

"అందుకే ఎవర్నీ వదల్లేదండీ."

"చాల్లే. పరీక్ష చెల్లదు. చుక్కమ్మా, బడికి పో."

నెమలి మూతి ముడుచుకుని, "సరే, ఇంటికెళ్తా," అన్నాడు.

"ఏ ఇంటికి?" అన్నాడు పులి. "అడవిలో ఎవరు మూత్రం పోసిన చోటు వాళ్లదే. ఈ కొండంతా నేనెలా సంపాదించాననుకున్నావ్? ఆ వాకిలి ఇప్పుడు టీచర్లది."

"అయ్యో, నేను రమ్మంటేనే వచ్చి పోశారండీ!"

"మరీ మంచిది. కబ్జా కాదు, దానం."

"మళ్లీ నాది అవ్వాలంటే?"

"ఏముంది, దానిమీద నువ్వూ పోసెయ్."

పక్షి జాతికి దేవుడు ఆ సదుపాయం ఇవ్వలేదు. పాపం, నెమలి ఇప్పటికీ గేటు బయట ఒంటికాలి మీద నిలబడి ముక్కుతూనే ఉన్నాడు.

నీతి కావాలన్నవాళ్లకి ఒకటే మాట: ఎదుటివాడి నిజాయితీని పరీక్షించాలంటే, వాడి వాకిట్లోనే పెట్టుకో.