ఉప్పు తగ్గిన నోటీసు

ఆ సోమవారం పొద్దున్నే పోషకాహార అధికారిణి ఆరోగ్యశాఖ క్యాంటీన్ గోడకు నోటీసు అంటించింది. రక్తపోటును అరికట్టే పథకంలో భాగంగా నేటి నుంచి వంటల్లో ఉప్పు పావు వంతు తగ్గిస్తున్నామని అందులో ఉంది. డైరెక్టర్ గారు సంతకం చేసిన ఉత్తర్వు ఈపాటికి వంటింటికి చేరే ఉంటుందని ఆమె అనుకుంది. మూడు వారాల్లో సిబ్బంది అలవాటు పడితే పథకం అన్ని కార్యాలయాలకూ వెళ్తుంది, ఆమె తాత్కాలిక ఉద్యోగం ఖాయమవుతుంది. లేదంటే రెండూ ఉండవు.

మధ్యాహ్నం మొదటి ముద్దకే హెడ్ గుమాస్తా మొహం చిట్లించాడు. ఆస్పత్రి కూడు ఇంతకన్నా నయమన్నాడు. పూటకో రక్తపోటు మాత్ర మింగే మనిషి. మంగళవారం ఇంటినుంచి ఉప్పు సీసా తెచ్చి చుట్టుపక్కల బల్లలకు కూడా సర్దాడు. బుధవారానికి ప్రతి సొరుగులోనూ ఓ పొట్లం చేరింది. గురువారం డైరెక్టర్ గారు రుమాలు తీస్తుంటే జేబులోంచి ఉప్పు రాలింది. ఆయన చూడనట్టే నడిచి వెళ్లారు. పథకం కింద శుక్రవారం చేసిన పరీక్షలో అందరి రక్తపోటూ పైకెక్కి కూర్చుంది. సోమవారంలోగా సంజాయిషీ ఇమ్మని ఆమెకు కాగితం వచ్చింది.

ఆమె వంటింట్లోకి వెళ్లి, పావు వంతు మరీ ఎక్కువైందేమో, కొంచెమే తగ్గిద్దామని వంటాయనతో అంది. ఆయన గరిటె పక్కన పెట్టాడు.

"నేనెక్కడ తగ్గించానమ్మా? ఉత్తర్వు చేతికొచ్చేదాకా చెంచా కూడా కదపొద్దని మీవాళ్లే కదా చెప్పింది. అది ఇంకా రాలేదు."

"మరి వారం రోజులుగా వీళ్లు తిన్నది?"

"ఎప్పటి ఉప్పే. మీరు గోడకి అంటించారు, వాళ్ల నాలిక చప్పబడింది. అందులో నా చెయ్యేం లేదు."

ఉత్తర్వు హెడ్ గుమాస్తా బల్లమీద, ఉప్పు సీసా కింద దొరికింది. ఆమె దాన్ని తుడిచి వంటాయనకిచ్చింది.

"ఇప్పుడు నిజంగా తగ్గించు బాబాయ్. గోడ సంగతి నేను చూసుకుంటా."

గడువు ఇంకా రెండు వారాలుందని మాత్రమే సంజాయిషీలో రాసింది. అబద్ధం రాయడం చేతకాక, సోమవారం గోడమీద కూడా ఒక్క వాక్యమే పెట్టింది: పాత నోటీసు రద్దయినది.

ఆ మధ్యాహ్నం హెడ్ గుమాస్తా రెండోసారి కూర వేయించుకున్నాడు. "ఇదీ వంటంటే. ఆ అమ్మాయికి ఇన్నాళ్లకి బుద్ధొచ్చింది," అంటూ సాయంత్రం సీసా ఇంటికి పట్టుకెళ్లాడు. పొట్లాలు ఒక్కొక్కటే మాయమయ్యాయి.

మూడోవారం చివర రక్తపోటు అంకెలు దిగాయి. ఆమె ఉద్యోగం ఖాయమైంది. డైరెక్టర్ గారు పిలిచి మెచ్చుకుని, ఉప్పు తగ్గించిన సంగతి సిబ్బందంతటికీ తెలిసేలా క్యాంటీన్ గోడకు వెంటనే నోటీసు అంటించమని ఆదేశించారు.