ఇనుము చిగురించిన తోట

నిప్పు, చక్రం తర్వాత మానవజాతి సాధించిన మూడో ఘనకార్యం మొక్కల నమోదు రిజిస్టరు. మా చెల్లెలి పుణ్యమా అని ఈ సంగతి నాకు తెలిసింది.

చెల్లెలిది లెక్కల్ని బొమ్మలుగా మార్చే పని. ఊరి ఉద్యానవనం వారు మసాలా దినుసుల మీద ఆరుబయట ఏదైనా ప్రదర్శన పెట్టమంటే, పద్నాలుగు నెలలు ఇల్లిల్లూ తిరిగి ఎవరు ఏది ఎంత వాడతారో రాసుకొచ్చి, ఆరు ఇనప స్తంభాలు చేయించింది. ఎంత వాడకమో అంత ఎత్తు. పసుపు స్తంభం మనిషికి రెండింతలు, మిరియాలది భుజం దాకా, జాజికాయది చీలమండ దాకా. తన పేరు మీద వస్తున్న మొదటి పని కదా, రోజూ పాత చీర ముక్కతో వాటిని తుడిచి మురిసిపోయేది. (మా అమ్మ మాత్రం "మనింట్లో జాజికాయ అంత కూడా వాడం కదే" అని అభ్యంతరం నమోదు చేసింది.)

చిక్కల్లా ఒక్కటే. ఉద్యానవన నియమావళి పదకొండో నిబంధన ప్రకారం తోట మట్టిలో దిగేది ఏదైనా మొక్కే. మొక్క కానిదాన్ని పాతడానికి ఫారమే లేదు.

"మొక్కలుగానే రాసేద్దామమ్మా," అన్నారు మొక్కల నమోదు అధికారి, ఎంతో ఉదారంగా. "శాస్త్రీయ నామం గడి ఖాళీగా ఉండకూడదు. ఏం రాయమంటారు?"

"ఇనుము," అంది చెల్లెలు.

"ఆకులు?"

"లేవండీ."

"రాలిపోయాయని రాస్తాను."

అలా ఆరు స్తంభాలూ మొక్కలయ్యాయి. మొక్కలన్నాక హక్కులుంటాయి: రెండు పూటలా నీళ్ళు, పక్షానికోసారి ఎరువు, నెలకోసారి ఎదుగుదల కొలత. బాధ్యతలూ ఉంటాయి: ఆరు నెలల్లో ఎదగని మొక్కను చచ్చినదిగా ప్రకటించి పీకేస్తారు. ఈ చివరి వాక్యం చదివి చెల్లెలి ముఖం పాలిపోయింది.

తోటమాలి అరవై దాటిన మనిషి. ఆయనకు మొక్కలు తెలుసు (ఆ కార్యాలయంలో ఇది అరుదైన అర్హత). రెండు నెలలు ఇనుముకు నీళ్ళు పోసి, ఎదుగుదల గడిలో సున్నాలు చుట్టీ చుట్టీ ఆయనకే మనసొప్పలేదు.

"కొంచెం ఎదిగిందని రాసేయొచ్చు కదా తాతా," అని బతిమాలింది చెల్లెలు.

"అబద్ధమెందుకమ్మాయ్? ఎదిగేట్టు చేస్తే పోలా?" అంటూ ఆయన కుండీలో పెంచిన మిరియాల తీగ ఒకటి తెచ్చి, మిరియాల స్తంభం మొదట్లో పాతాడు. "దీనికి పాకడానికి ఏదో ఒక దన్ను కావాలి. ఇనుమైతేనేం?"

"మరి మిగతా అయిదూ?"

"పసుపు పాకదు, లవంగం పాకదు. ఆ బుద్ధి దీనికొక్కదానికే ఉంది తల్లీ."

ఆరో నెల అధికారి టేపు పట్టుకుని వచ్చారు. పసుపు, సున్నా. లవంగం, సున్నా. మిరియాల స్తంభం దగ్గర ఆగి కళ్ళజోడు సవరించుకున్నారు. కొస దాటి జానెడు పెరుగుదల, పైన లేత చిగురు. తీగ రిజిస్టరులో లేదు గనక అది అక్కడ లేదు. "ఇనుము చిగురించినది" అని రాసుకుని, మిగతా అయిదింటినీ పీకించారు.

పోనీ వాటిని ఇంటికి తీసుకుపోతానంది చెల్లెలు. కుదరదన్నారు. చచ్చిన మొక్కలు ఎరువు గుంటకే పోవాలన్నది పన్నెండో నిబంధన. ఏడాది మగ్గితే మంచి ఎరువవుతాయట.

అయిదూ గుంటలో పడుతుంటే చెల్లెలు వెక్కి వెక్కి ఏడ్చింది. పద్నాలుగు నెలల తిరుగుడులో మిగిలింది ఒక్క స్తంభం, దాని పక్కన "ఎత్తులు పోల్చి చూడండి" అనే పలక.

"అసలు ఎందుకు చచ్చాయంటారు?" అని అడిగాను.

"నీళ్ళు చాలక," అన్నారు అధికారి.

"రోజూ రెండు పూటలా పోశానండీ," అన్నాడు తోటమాలి.

"అయితే నీళ్ళు ఎక్కువై."

ఆ మీదట చెల్లెలి చేతిలో ఒక ప్రశంసాపత్రం పెట్టారు: 'ఆరు నాటగా ఒకటి బతికినది. కడు సంతృప్తికరం.' ఆమె కళ్ళు తుడుచుకుని, ఇది వెక్కిరింపా అని అడిగింది.

"అయ్యో, ఎంతమాట! మా తోటలో ఇదే రికార్డమ్మా," అన్నారాయన, నిజంగానే నొచ్చుకుంటూ. "ఆకులున్న మొక్కలు మాకు ఇరవైకి ఒకటి కూడా దక్కవు."